మూడోసారి

పొగగొట్టంలోంచి ఇంకా ఏమీ రాలేదు. వస్తుంది. అక్క సంగతి నాకు తెలుసు, ఆ పరాయి దేశపు పిల్ల సంగతీ ఈ కొద్ది రోజుల్లో తెలిసింది, ఇద్దరూ మొండివాళ్లే, ఇద్దరు మొండివాళ్లు ఒక గదిలో కూర్చుంటే ఆలస్యమవుతుంది గాని పని ఆగదు. నేను అక్క ఇంటి ముందు, బట్టలుతికే తొట్టి గట్టు మీద కూర్చున్నాను. ఒళ్లో బుట్ట. బుట్టలో షేలా పట్నం బజారు నుంచి తెచ్చిన తీపి రొట్టెలు, చాక్లెట్టు బిళ్లలు, పైన మా కోడలు మికాయెలా నేసిన గుడ్డ. లోయలోంచి మంచు పైకి పాకుతోంది, కొండ మొహం అప్పుడే సగం మాయమైంది. రొట్టెల వేళ. చుట్టుపక్కల ఇళ్ల పెంకుల సందుల్లోంచి పొగ ఊరుతోంది, ఆడవాళ్లు అరచేతుల మధ్య మొక్కజొన్న పిండి తడుతున్న చప్పుడు ఒక ఇంట్లో మొదలై ఇంకో ఇంట్లోకి పోతోంది. అక్క ఇల్లొక్కటే చప్పుడు లేకుండా ఉంది. పెంకుల పైన కొత్త రేకు గొట్టం ఒకటి నిలబడి ఉంది, బట్టలో గుచ్చి మరిచిపోయిన సూదిలా.

మామూలుగా అయితే నేను ఉండాల్సింది ఇక్కడ కాదు, లోపల. మాలో ఒక ఇంటికి పెద్ద మాట అడగడానికి ఎవరూ ఒంటరిగా పోరు. పిల్లనడగడమైనా, తప్పు ఒప్పుకోవడమైనా, మాటకారి పెద్దమనిషిని ఒకణ్ణి ముందు పెట్టుకుని పోతారు. దారి చూపేవాడు అంటాం. ఆయన మాట్లాడతాడు, వెనక వాళ్లు తలలు వంచుకుంటారు. ఊళ్లో అలాంటివాళ్లు ఉన్నారు, ఎండిన బావిలోంచి కూడా నీళ్లు రప్పించే నోరున్నవాళ్లు. కానీ ఆ పిల్ల నా ఇంట్లో ఉంటోంది, కాబట్టి నేనే రావాలి. దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. అక్క తలుపు సగం తెరిచి నన్ను కిందికీ పైకీ చూసింది.

"నువ్వా? నువ్వు మాట్లాడతావా?" అంది. "నీ పెళ్లిలో ఫాదరీ అడిగితే ఊఁ అన్నావు. ఆ ఒక్క ఊఁ పట్టుకుని టొమాసా నీతో జీవితమంతా కాపురం చేసింది, పిచ్చిది."

నేను టోపీ తీశాను.

"పెట్టుకో, చలి. పిల్లా, నువ్వు రా లోపలికి. ముందు ఆ రాయి దించు, మెడ విరుగుతుంది."

తలుపు మూసేసింది. రాయి, పిల్ల, అక్క లోపల. నేను, రొట్టెలు బయట.

ఆ రాయి మూడోది. పొయ్యి రాళ్లు మూడు, మా అమ్మ పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఏట్లో ఏరి తెచ్చుకున్నవి. అమ్మ వండింది వాటి మీదే, అక్క వండింది వాటి మీదే, అక్క బొడ్డుతాడు వాటి నడుమ బూడిదలోనే పాతారు. ఆడపిల్లది పొయ్యి దగ్గర, మగపిల్లాడిది చెట్టుకొమ్మకి. నాది కట్టిన చెట్టు ఎప్పుడో కొట్టేశారు, అందుకే కాబోలు నేను సముద్రం వైపు తోటలన్నీ తిరిగాను, కాఫీ తోటలు, చెరకు తోటలు, అక్క మాత్రం ఈ వంటింట్లోంచి కదల్లేదు. పొగ కూడా కదల్లేదు. గోడలు నల్లబడ్డాయి, దూలాలు నల్లబడ్డాయి, అక్క గుండె లోపలా నల్లబడి ఉంటుంది. ఆమె రొట్టెలు తట్టే చప్పుడు నేను దూరం నుంచి కూడా పోల్చగలను. తప్ తప్ తప్ అని సాగుతుంది, మధ్యలో దగ్గు వచ్చి తెగుతుంది, మళ్లీ మొదలవుతుంది. టొమాసా చప్పుడూ అలాగే తెగేది. చివరి ఏడాది టొమాసా కూర్చునే నిద్రపోయేది, పడుకుంటే ఊపిరి అందేది కాదు. షేలాలో డాక్టరు, సిగరెట్లు తాగుతావా అని అడిగాడు. టొమాసాకి నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే బస్సెక్కింది. ఆమె పోయాక మా ఇంట్లో గొట్టం పొయ్యి పెట్టించాం. వంటింట్లో ఇప్పుడు గోడ మీద బల్లి కనిపిస్తుంది. టొమాసా చూడలేదు.

అందుకే అక్కకి కూడా పొయ్యి పెట్టించాలని. అక్క చేత సరే అనిపించడానికి మికాయెలాకి ఒక వానాకాలమంతా పట్టింది. ఇటుకల పొయ్యి, పైన ఇనప పలక, వెనక గొట్టం. కట్టేది షేలాలో, పట్నాల్లోనూ తోటల్లోనూ మాట్లాడే కస్తీయ భాష నేర్పే బడికి వచ్చే పిల్లలు. పొద్దున బడిలో కస్తీయ నేర్చుకుంటారు, మధ్యాహ్నం మేస్త్రి రిగోబెర్తో వెంట ఊళ్లలోకి వచ్చి మట్టి పిసుకుతారు. ఎక్కడెక్కడి దేశాల పిల్లలో, జీతం లేదు, పైగా తామే డబ్బు కట్టి వస్తారట, దీన్ని అక్క ఇప్పటికీ నమ్మదు. మా వంతుకి వచ్చిన పిల్ల హెల్మి. కిచే భాష మాట్లాడే మా నోళ్లలో ఆ మొదటి అక్షరం నిలవదు, ఎల్మి అంటాం, తను సర్దుకుంది. ఫిన్లాండ్ అట. ఎక్కడని నేను అడగలేదు. చలి దేశమని తనే చెప్పింది, భుజాలు వణికించి చూపించి. కాలేజీలో చదువుతోంది. వచ్చిన సాయంత్రం గుమ్మం కింద వంగి లోపలికి వచ్చి, బడి వాళ్లు నేర్పిన ఒక పెద్ద వాక్యం మొత్తం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది, తర్వాత రాత్రి భోజనం అయ్యేదాకా ఇంకో మాట లేదు. నాకు మనసు కుదుటపడింది. మికాయెలాకి మాత్రం కంగారు.

"మామయ్యా, ఈ పిల్లకి మాట రాదు, మీకు మాట లేదు. నేను పిల్లితో మాట్లాడుకోవాలా?"

తినడం అయ్యాక మాలో ప్రతివాళ్లూ ప్రతివాళ్లకీ పేరు పేరునా దండం చెప్పి లేస్తారు, అవతలివాళ్లు బదులిస్తారు. ఎల్మికి తెలియదు, కంచం తీసుకుని చక్కగా లేచి పోయి కడుక్కుంది. మేము అలాగే కూర్చున్నాం. ఆ మాట రాకుండా ఎలా లేస్తాం? ఆ పిల్ల కంచం తుడుస్తూ మా వైపు చూస్తుంది, మేము ఆ పిల్ల వైపు చూస్తాం. మరునాడు నాకు చెప్పింది, మికాయెలాకి చెప్పింది, పిల్లికి కూడా చెప్పింది. నేర్చుకునే పిల్ల అని అప్పుడే అనుకున్నాను. వేడిగూటి దగ్గర ఇంకా రూఢి అయింది. శనివారం పెరట్లో వేడిగూడు రాజేశాం, మట్టి గూడు, లోపల కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లుతాం, పరాయి పిల్లలు తలుపు దగ్గర్నుంచే గుండె పట్టుకుని పరిగెడతారు. ఎల్మి లోపలికి పాకి, పుట్టింటికి వచ్చినట్టు కాళ్లు ముడుచుకు కూర్చుందట. మికాయెలా ముందే బయటికి వచ్చేసింది. ఎల్మి లోపల్నుంచి చెయ్యి చాచి ఇంకొంచెం నీళ్లు అడిగింది. ఎర్రటి మిరపకాయలా బయటికి వచ్చి, "నా ఊరు. అదే. అదే!" అంది గూడు వైపు చూపిస్తూ. ఊరంతా చెప్పుకున్నారు. అక్క కూడా విని, "అయితే మనిషే" అంది.

అక్క నోట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు, కానీ అది రాళ్లకి ముందు.

నేను ఆ రోజు చేనులో ఉన్నాను, తర్వాత రిగోబెర్తో చెప్పాడు. పాత పొయ్యి తీసి చోటు చదును చేస్తున్నారు. ఎల్మి మూడు రాళ్ల దగ్గర ఆగి, అక్క వైపు తిరిగి, రాళ్లు చూపించి, తలుపు చూపించి, "ఇవి బయటికి?" అని అడిగింది. అడిగింది పాపం. అక్క "సరే, కానీ" అంది. అక్క మరేమంటుంది? ఇంటికి వచ్చిన పరాయి పిల్ల మొదటిసారి ఏదడిగినా మాలో సరే అంటాం, అది జవాబు కాదు, గుమ్మంలో పీట వేయడం లాంటిది. రెండోసారి అడుగుతారు, అప్పుడు నసుగుతాం. మూడోసారి అడిగితే, అప్పుడు చెబుతాం మనసులో ఏముందో. ఎల్మి దేశంలో ఒకసారి అడిగితే చాలట. ఒకసారి సరే అంటే అయిపోయింది. రాళ్లు తోపుడు బండిలో వేసి, పాత ఇటుక ముక్కలతో కలిపి, లోయ అంచున గుమ్మరించి వచ్చింది, చేతులు దులుపుకుంటూ, నవ్వుతూ. అక్క చూసింది. చెంగు తలకి చుట్టుకుని వెనక వసారాలో కూర్చుంది. పొయ్యి కట్టారు, ఆరింది, గొట్టం నిలబెట్టారు. అక్క మాత్రం వసారాలో ఇటుకలు పేర్చి వాటి మీద వండుకుంటోంది, గాలికి పొగ అంతా మొహం మీదికే. కొత్త పొయ్యి మీద గుడ్డ కప్పి, దాని మీద పూలకుండీ పెట్టింది.

నిన్న రిగోబెర్తో మా ఇంటికి వచ్చాడు. "తాతా, రేపటిదాకా చూస్తాను. పెద్దమ్మ వెలిగించకపోతే ఎల్లుండి ట్రక్కు వచ్చినప్పుడు పలక, గొట్టం ఊడదీసి వేరే ఇంటికి ఇచ్చేస్తాను. వరసలో జనం ఉన్నారు. నాకేం సరదానా?" నేను తలూపాను. అతనిదీ న్యాయమే. ఆ రేపు ఇవాళే.

గొట్టంలోంచి ఇంకా ఏమీ లేదు. మంచు ఈ పెరడు దాకా వచ్చింది. లోపల ఏదో కదిలింది, బరువుగా, నేల మీద ఈడ్చినట్టు. రాయి. అక్క ఈడవదు, ఆ పిల్లే.

ఇలాగే ఇంకో గట్టు మీద ఇంకో సాయంత్రం కూర్చున్నాను. టొమాసా వాళ్ల ఇల్లు. లోపల మా నాన్న, మా దారి చూపేవాడు, టొమాసా నాన్న. నేను బయట, నా ఒళ్లో ఇలాంటిదే బుట్ట. మొదటిసారి వెళ్లినప్పుడు, చాలా సంతోషం, ఆలోచిద్దాం అన్నారు, ఆ మాటకే నేను ఎగిరి గంతేశాను, మా నాన్న నెత్తి మీద ఒకటిచ్చాడు. రెండోసారి తలుపు తియ్యలేదు, కుక్కని వదిలారు. మూడోసారి తలుపు తీశారు. అప్పుడు నేను చూసింది కూడా కప్పు మీది పొగే, లోపల ఆడవాళ్లు మాకోసం జావ కాచితే పొగ పెరుగుతుందని. పెరిగింది. ఆ పొగ రంగు ఇప్పటికీ గుర్తుంది, టొమాసా మొహమే ఒక్కోసారి గుర్తురాదు.

ఎల్మికి కూడా మొదటిసారి గెలిచాననే అనిపించింది. మికాయెలా చెబితే రాళ్ల సంగతి తెలిసి, తెల్లబోయి, ఎవరికీ చెప్పకుండా ఒక్కతే అక్క దగ్గరికి పరిగెత్తింది. తిరిగొచ్చి, బడిలో నేర్పిన మర్యాద పిలుపుతో, "దోన్ గస్పార్! ఆమె చెప్పింది, పరవాలేదు, ఏం కాలేదు! మంచి!" అంది.

"అమ్మో," అంది మికాయెలా. "పరవాలేదు అందా? అయితే చాలా కోపం మీద ఉంది."

రెండోసారి, లోయ వాలులో ముళ్ల పొదల్లో వెతికి రెండు రాళ్లు పట్టుకుపోయింది. తలుపు తట్టింది. లోపల్నుంచి అక్క గొంతు, తన పేరు తనే చెబుతూ, "నికొలాసా ఇంట్లో లేదు. సంతకి పోయింది."

"మీరు ఎవరు?"

"ఎవరూ లేరు."

ఎల్మి రాళ్లు గుమ్మం పక్కన పెట్టి వచ్చి, అన్నం దగ్గర కూర్చుని, ఉన్న కస్తీయ అంతా కూడగట్టుకుని, "ఇంట్లో ఎవరూ లేరు. కానీ ఎవరూ లేరు అని ఒకరు చెప్పారు" అంది. నాకు నవ్వొచ్చింది. పెద్దగా వచ్చింది. మికాయెలా గరిటె పట్టుకుని నా వైపు అలాగే చూసింది, టొమాసా పోయాక ఆ ఇంట్లో నా నవ్వు ఎవరూ వినలేదు. నవ్వాక మాట కూడా వచ్చింది. చెప్పాను ఆ పిల్లకి. మొదటిసారి మర్యాద, రెండోసారి కోపం, మూడోసారి జవాబు అని. వేళ్ల మీద చెప్పాను.

"మా దేశం ఒకసారి," అంది తను ఒక వేలు చూపించి.

"అదీ బాగుంది," అన్నాను.

"మూడో రాయి లేదు."

"ఉంటుంది. ఏటి దాకా పోయుంటుంది. ఒక వైపు నల్లగా ఉంటుంది చూడు, ఆ మసి నీళ్లకి పోదు."

నేను ఆ పిల్ల వయసులో కస్తీయ నేర్చుకున్నది కేకల్లోంచి. మూడేళ్ల బడిలో అక్షరాలు వచ్చాయి గాని మాట రాలేదు, మాట తోటలో వచ్చింది. ఎత్తు, మొయ్, పద, ఇంకా పద. చాలా ఏళ్ల దాకా కస్తీయలో నాకు అడగడం రాదు, వినడమే వచ్చు, ఎవరైనా ఆ భాషలో పిలిస్తే కాళ్లు వాటంతట అవే లేచేవి. ఎల్మికి బడిలో ముందు నేర్పేది దయచేసి, క్షమించండి, ఎంత, ఎక్కడ. అదే భాష, ఇంకో తలుపులోంచి లోపలికి పోతోంది. నాకు అసూయ లేదు. చూడ్డానికి బాగుంది. ఇవాళ మధ్యాహ్నం ఏటి దగ్గర మోకాలి లోతు నీళ్లలో నిలబడి రాయి తర్వాత రాయి తిప్పి చూస్తోంది, బట్టలుతికే ఆడవాళ్లు గట్టు మీంచి వేళాకోళం.

"ఏం పిల్లా, మొగుణ్ణి వెతుకుతున్నావా? రాళ్ల కింద దొరకరమ్మా!"

"దొరికినా నల్లగా ఉన్నవాణ్ణే తీసుకుంటుందట!"

తనకి సగం అర్థమైంది, "అవును, నలుపు, పెద్ద!" అంది, వాళ్లు నీళ్లలో పడిపోయేంత నవ్వారు. అంతలో దొరికింది. రెండు చేతులతో పైకెత్తి మసి నాకు చూపించింది. నేను మోస్తానంటే ఇవ్వలేదు. వీపు మీద బరువు మోసే నుదుటి పట్టీ ఇచ్చాను, తోలు పట్టీ నుదుటి మీద ఎక్కడ ఆనించాలో చూపించాను, నడుం వంచాలి, మెడ కాదు. ఏటవాలు దారంతా నా వెనకే ఎక్కింది, ఊపిరి వినిపిస్తోంది, ఆగుదామా అని నేను అడగలేదు, ఆగుదామని తను అనలేదు. దారిలో ఒక్క మాటే అడిగింది. "దోన్యా నికొలాసాని మీరు ఎలా పిలుస్తారు? కస్తీయ కాదు. మీ మాట." పెద్దావిణ్ణి మా ఊరంతా పిలిచే పిలుపు చెప్పాను.

దగ్గు. అక్క దగ్గు, లోపల, తలుపు దగ్గర కాదు, వెనక ఎక్కడో. వసారాలోనా? మళ్లీ రాయి చప్పుడు, ధబ్, నేల మీద కుదురుగా పడ్డట్టు. మళ్లీ ఏమీ లేదు. ఇంతసేపు లోపల ఒక్క మాటా వినపడలేదు. ఎల్మికి వచ్చిన కస్తీయ గుప్పెడు, అక్కకి వచ్చినది రెండు గుప్పెళ్లు, సంతలో బేరానికి సరిపోయేంత. ఆ గుప్పెళ్లతో ఏం మాట్లాడుకుంటారు? నేను లోపల ఉండాల్సింది. పేర్చుకున్న మాటలు ఉన్నాయి. అక్కా, మన అమ్మ రాళ్లు తిరిగొచ్చాయి, మన అమ్మకి కూడా ఈ దగ్గు ఉండేది, అని మొదలుపెడదామనుకున్నాను.

పైన్ పుల్ల వాసన. జిగురు కాలే వాసన, పొగకంటే ముందు వచ్చేది. లేచి నిలబడ్డాను. గొట్టం వైపు చూశాను. లేదు. వెనక వసారా కప్పు మీంచి, పాత చోటు నుంచే, తెల్లటి పొగ సన్నగా లేచి మంచులో కలుస్తోంది.

వసారాలోనే రాజేసింది. రాళ్లు తీసుకుని, పొయ్యిని వద్దంది. సరే. అక్క ఇల్లు, అక్క మాట. మూడోసారి చెప్పింది జవాబే, దాన్ని నాలుగోసారి ఎవరూ అడగరు. మళ్లీ కూర్చున్నాను. బుట్ట బరువెక్కింది. రొట్టెలు వెనక్కి పట్టుకుపోవాలి, ఊరంతా చూస్తుండగా, టొమాసా నాన్న కుక్కని వదిలిన రోజు పట్టుకుపోయినట్టు. రిగోబెర్తో రేపు వస్తాడు. ఆ పిల్ల మొహం ఎలా చూడాలి? లేదు, ఆ పిల్ల నిలబడుతుంది, ఏట్లో నిలబడ్డ పిల్ల. అక్క దగ్గే, అది ఎవరు చెప్పినా ఆగదు.

అప్పుడు గొట్టం ఉలిక్కిపడ్డట్టు నల్లటి ముద్ద ఒకటి ఉమ్మింది. ఆగింది. తర్వాత బూడిదరంగు పొగ, తాడు వదిలినట్టు, తిన్నగా.

నేను రెండింటినీ మార్చి మార్చి చూస్తుండగా తలుపు తెరుచుకుంది.

"ఒరే గస్పారూ, ఆ రొట్టెలు ఒళ్లో పెట్టుకుని పొదుగుతున్నావా? లోపలికి తే!"

"వసారాలో..."

"వసారాలో మొక్కజొన్న కండెలు ఎండొద్దూ? పొగ తగలకపోతే పురుగు తినేస్తుంది. రాళ్లు అక్కడ పెట్టింది నీ పిల్ల, నన్నడక్కుండా. పొద్దున ఓసారి రాజేస్తాను, కండెలకి చాలు. రొట్టెలు కాల్చేది ఇటు, ఈ ఇనప దాని మీద."

"ఏం మాట్లాడింది?"

"ఏం మాట్లాడుతుంది? నీ ఇంట్లో ఉంటోందిగా, నీలాగే తయారైంది. కస్తీయ నేర్చుకోను వచ్చి నీ దగ్గర మూగతనం నేర్చుకుంది. రాళ్లు పెట్టింది. కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఎంతకీ లేవదే! పొయ్యి మీది పూలకుండీ వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది. చివరికి ఒక్క మాట, నాన్, అని పిలిచింది. నా కడుపున పుట్టినవాళ్లు కూడా ఇంత తీరుగా పిలవలేదు అమ్మా అని." బుట్ట నా చేతిలోంచి లాక్కుంది. "కుండీ నేనే తీశాను. నువ్వేం చూస్తున్నావు? తలుపు వెయ్యి, చలి వస్తోంది."

దారి చూపేవాడి పని అయింది. పేర్చుకున్న మాటలు పేర్చినట్టే ఉన్నాయి, ఉండనీ. లోపల ఎల్మి కొత్త పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని మంట ఊదుతోంది, బుగ్గ మీద మసి, నన్ను చూసి మూడు వేళ్లు పైకెత్తింది. నేను టోపీ తీశాను. వంటింట్లో అక్క మొహం స్పష్టంగా కనిపిస్తోంది, ఆ గదిలో అక్క మొహం అంత దూరం నుంచి నేను ఎప్పుడూ చూడలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను. అక్క పిండి ముద్ద తీసింది, అరచేతుల మధ్య తట్టడం మొదలుపెట్టింది. తప్ తప్ తప్. పలక మీద ఒక రొట్టె పడింది. నేను ఊపిరి బిగబట్టి, తెగే చోటు కోసం విన్నాను. ఇంకో రొట్టె పడింది. ఇంకోటి.

చప్పుడు తెగలేదు.